మగ్గం ఆగింది

2, సోమవారం

మందుల టైములు రాయమని మా అమ్మాయి ఇచ్చిన పుస్తకం ఇది. మందులు మూడు పేజీల్లో అయిపోయాయి. మిగతా పేజీలు ఊరికే ఉన్నాయి. వెనక నుంచి రాస్తున్నాను. ఎవరూ చూడరు.

నిన్న అమ్మాయి వచ్చింది. కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"అమ్మ గంటసేపు నేల మీద పడి ఉంది నాన్నా. కింద ఇంటావిడ వచ్చి లేపింది. నువ్వేమో మెట్ల దగ్గర కుర్చీ అల్లుకుంటున్నావు. మంచానికి పట్టుమని పది అడుగుల దూరం లేదు."

అది పోయిన నెల సంగతి. పక్షవాతం వచ్చాక మా ఆవిడ గొంతు తగ్గిపోయింది. గట్టిగా పిలవలేదు. అదే చెప్పాను.

"కింద ఇంటావిడకి వినబడిందిగా," అంది అమ్మాయి.

ఇంటావిడ కిటికీ సరిగ్గా మా ఆవిడ మంచం కిందకి వస్తుంది. గాలి అటు ఉండి ఉంటుంది.

ఈ నెలాఖరు దాకా చూస్తానంది. ఇంకోసారి అలా జరిగితే అమ్మని తన ఇంటికి తీసుకెళ్ళిపోతుందట. అక్కడ వాళ్ళ అత్తగారు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, పిలిస్తే పలుకుతారు. వాళ్ళవి రెండు గదులు, ఐదుగురు మనుషులు. ఇంకో మంచం పడుతుంది. రెండు పట్టవు. అమ్మాయి ఆ మాట అనలేదు. నేనే మనసులో మంచాలు వేసి చూసుకున్నాను.

పెళ్ళయ్యాక మేం వేరుగా ఉన్నది మూడు రోజులు. అమ్మాయి పుట్టినప్పుడు, ఆస్పత్రిలో.

అమ్మాయి కొనిచ్చిన నొక్కుడు బెల్లు మూడు రోజులకే చెడిపోయింది. అమ్మాయి వచ్చి నొక్కితే మోగిందట.

కింద ఇంటావిడ ఒక ఉపాయం చెప్పింది. "మా తమ్ముడింట్లో కుక్క ఉంది బాబాయ్. వాళ్ళ అత్తగారు మంచం మీంచి కేకేస్తే చాలు, పెరట్లో ఉన్న వాడి దగ్గరికి పరిగెత్తుకొచ్చి మొరుగుతుంది." రెండుసార్లు చెప్పింది. మంచి మాట కదా, రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

3, మంగళవారం

కుక్కపిల్లని కొన్నాను.

కుక్కలు అమ్మే ఆయన ఇల్లు రెండో బస్సు ఆఖరి స్టాపు దగ్గర. ఇంటి వెనక రేకుల షెడ్డు, ఇనప బోనులు, ఫినాయిలు వాసన. ఆయనది పెద్ద గొంతు. మనిషి నచ్చాడు. నన్ను చూడగానే అన్ని పిల్లలూ తలుపు మీదకి ఎగబడ్డాయి. ఒక్కటే మూల పడి నిద్రపోతోంది. తెల్లటిది. లేపితే చూశాను, ఒక కన్ను నీలం. గొడవలేని పిల్ల, ఇలాంటిదే మాకు సరిపోతుంది అనుకున్నాను. దీనికి మిగతావాటికన్నా సగానికి సగం తక్కువ చెప్పాడు. నాలుగు వేలు. ఎందుకు తక్కువో అడగలేదు. అడగడం నాకు రాదు.

కాయితం రాసిచ్చాడు. పదిహేను రోజుల్లో ఏదైనా లోపం ఉందని పశువుల డాక్టరు రాసిస్తే డబ్బు వాపసు. ఆయన పెళ్ళాం షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఏదో అడిగింది. తల ఊపాను.

బస్సులో సంచిలో కూర్చుంది. కిక్కురుమనలేదు.

4, బుధవారం

గుమ్మం దగ్గర రెండుసార్లు తడిపింది. తుడిచాను. మా ఆవిడ నవ్వింది. సగం మొహమే నవ్వుతుంది ఇప్పుడు. ఆ సగం చాలు.

6, శుక్రవారం

కుక్కపిల్లకి పాఠాలు మొదలుపెట్టాను. అరచెయ్యి కిందకి దించితే కూర్చోవాలి. వేలు చూపిస్తే ఆగాలి. ఒక్క పూటలో నేర్చింది. ఇంత తెలివైన దాన్ని సగం ధరకి ఎలా ఇచ్చాడో పాపం.

నోటితో చెప్పే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. మగ్గాల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా ఉన్నాను. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్నవాడు అరిచినా వినబడదు. అందరిదీ చేతిమాటే. గడ్డం మీద రెండు వేళ్ళు పెడితే మంచినీళ్ళు. నెత్తిన పిడికిలి పెడితే సూపర్‌వైజరు వస్తున్నాడని. చెయ్యెత్తి పిడికిలి రెండుసార్లు మూసి తెరిస్తే, నా మగ్గం ఆగింది, రా అని.

మా ఆవిడ నాలుగో వరసలో నేసేది. నాతో మొదటిసారి మాట్లాడింది ఆ మాటే. మగ్గం ఆగింది, రా. వెళితే ఆడుతూనే ఉంది. ఏడాదిపాటు అలా ఆగని మగ్గానికి పిలిచింది. ఆ తర్వాత పెళ్ళి.

ఇప్పుడు తన కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచెయ్యి ఉంది. గదిలో ఎదురుగా ఉంటే మాకు ఇబ్బంది లేదు. తన మొహం చూస్తాను, చెయ్యి చూస్తాను, అంతా తెలుస్తుంది. నేను బయటికి వెళ్ళినప్పుడే ఇబ్బంది.

బయటికి వెళ్ళక తప్పదు. వెలుతురు మెట్ల దగ్గరే ఉంది. వైరు కుర్చీ చీకట్లో అల్లితే పడుగు ఒకటీ పేక ఒకటీ అవుతుంది.

8, ఆదివారం

అమ్మాయి వచ్చింది. కుక్కపిల్లని చూసి, "దీన్నెవరు చూస్తారు? అమ్మనే చూడలేకపోతున్నాం," అంది. ఇంకా ఏదో అంది. అవునన్నాను. మళ్ళీ నా వైపు అదోలా చూసింది. అవును అనాల్సిన చోటు కాదనుకుంటా.

9, సోమవారం

ఈ రోజు రాసి పెట్టుకోవాల్సిన రోజు. పదకొండు గంటలకి మా ఆవిడ పిలిచింది. విన్నాను.

కుర్చీ అల్లుతున్నాను. కుక్కపిల్ల వచ్చి పంట్లాం అంచు పట్టుకుని లాగింది. ఛీ పో అన్నాను. మళ్ళీ లాగింది. సరిగ్గా అప్పుడే నాకు పిలిచినట్టు అనిపించింది. లోపలికి వెళితే నిజమే, దాహంతో ఉంది.

"పిలిచావు కదూ?" అన్నాను.

మా ఆవిడ ఒక క్షణం నా వైపు చూసింది. తల ఊపింది.

"విన్నాను," అన్నాను.

నా చెవులకేం కాలేదు. అమ్మాయి అనవసరంగా భయపడుతోంది.

11, బుధవారం

మళ్ళీ విన్నాను. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ వెళ్ళాను.

కుక్కపిల్లకి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. పని మధ్యలో వచ్చి పంట్లాం పట్టుకుని లాగుతుంది. రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. వదిలించుకుని తన్నబోతే లోపలికి పరిగెడుతుంది. కట్టేద్దామని వెనకే వెళతాను. అలా వెళ్ళినప్పుడల్లా మా ఆవిడకి ఏదో ఒకటి కావలసి ఉంటోంది. మంచికే అయింది.

12, గురువారం

బిస్కెట్లు మాయమవుతున్నాయి. పొట్లం నిన్న విప్పాను, ఈ రోజు సగం లేదు. మా ఆవిడ దిండు కింద రెండు దొరికాయి. పక్షవాతం మనిషికి ఇంత ఆకలి మంచిదేనా అని డాక్టరుని అడగాలి.

14, శనివారం

అమ్మాయి వచ్చింది. వంటగదిలో స్టీలు పళ్ళెం చెయ్యి జారి కుక్కపిల్ల వెనకే పడిందట. కింద ఇంటావిడ ఏమైందని పైకి వచ్చిందట. కుక్కపిల్ల నిద్ర లేవలేదట. నేను బయట ఉన్నాను. పని ధ్యాసలో ఉన్నాను.

అమ్మాయి నా ముందుకి వచ్చి నిలబడి చెప్పింది. "నాన్నా, ఇది చెవిటిది."

కాదన్నాను. కూర్చోమంటే కూర్చుంటుంది, చూడమన్నాను. అరచెయ్యి దించాను. కూర్చుంది.

"చెయ్యి చూసి కూర్చుంది నాన్నా. నోటితో పిలువు."

నోటితో ఏమని పిలవాలి? పేరు పెట్టలేదు. అమ్మాయే వెనక నుంచి చప్పట్లు కొట్టింది. గిన్నె మీద గరిటెతో కొట్టింది. అది నా చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది, ఇంకేం చెయ్యమంటావు అన్నట్టు.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది!" అంది. ఆ ఒక్క మాట స్పష్టంగా వినబడింది. కుక్కపిల్లని అంది.

మా ఆవిడ నవ్వలేదు.

అమ్మాయి వెళ్ళేటప్పుడు మెట్ల మీద అంది. "అమ్మ పిలిస్తే విని నిన్ను పిలవడానికి చెవిటి కుక్కని తెచ్చావా నాన్నా?" కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పన్నెండు రోజులైంది. పదిహేనుకి ఇంకా మూడు ఉన్నాయి. ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకుని, చెవులున్న దాన్ని తేవాలి.

15, ఆదివారం

మా ఆవిడతో చెప్పాను. ఎడంచెయ్యి అడ్డంగా ఊపింది. వద్దు.

"దీనితో మనకేం పని? ఇది వినదు," అన్నాను.

మళ్ళీ ఊపింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. ప్రేమ పెంచుకుంది పాపం. నేను గొలుసు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాను. ఏడిస్తే చూడలేను.

16, సోమవారం

పశువుల డాక్టరు దగ్గర మూడు గంటలు కూర్చున్నాను. చిన్నవాడు. కుక్కపిల్ల వెనక తాళాల గుత్తి ఆడించాడు. ఈల వేశాడు. తెల్లటివాటిలో, నీలం కళ్ళవాటిలో ఈ లోపం ఎక్కువట, పుట్టుకతోనే వస్తుందట. కాయితం మీద రాసిచ్చాడు.

ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడతారు. నేను కుక్కపిల్లని సంచిలో పెట్టుకుంటుంటే వెనక నుంచి ఏదో అన్నాడట. కాంపౌండరు వచ్చి భుజం తట్టాడు. వెనక్కి తిరిగితే డాక్టరు తాళాల గుత్తి ఇంకా చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"తాతగారూ, మీరు కూడా ఒకసారి చూపించుకోండి," అన్నాడు.

కళ్ళ గురించి అయి ఉంటుంది. కాయితం దూరం పెట్టి చదువుతాను కదా.

17, మంగళవారం

ఇచ్చేశాను.

నలుగురిలో మాట్లాడలేనని లోపాలు ముందే కాయితం మీద రాసుకెళ్ళాను. ఒకటి, చెవుడు. రెండు, పని చేసుకుంటుంటే ఊరికే పంట్లాం లాగుతుంది. డాక్టరు కాయితం, ఆయన రాసిచ్చిన కాయితం, నా కాయితం, మూడూ చేతిలో పెట్టాను.

కుక్కలాయన నా కాయితం పైకి చదివి నవ్వాడు. "పెద్దాయనా, పద్నాలుగు రోజులు నీ ఒళ్ళో పెట్టుకున్నావు. చెవుడని నీకే తెలీకపోతే, బోనులో ఉన్నదాని సంగతి నాకేం తెలుస్తుంది?"

నిజమే.

"అసలు నువ్వు దాన్ని పిలిచావా?"

"చేత్తో," అన్నాను.

"చేత్తో పిలిచి చెవుల్లేవంటాడు!" అని పెళ్ళాం వైపు తిరిగి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. నా కాయితం తీసుకుని రెండో లోపం చదివింది. నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఎటు లాగుతుంది?"

"లోపలికి."

"లోపల ఎవరుంటారు?"

"మా ఆవిడ. మంచంలో ఉంది."

ఆవిడ వంగి కుక్కపిల్లని ఎత్తుకుంటూ ఏదో అంది. షెడ్డు నిండా మొరుగుళ్ళు. తల ఊపాను. కుక్కలాయన మేతకని ఐదువందలు పట్టుకుని మిగతాది లెక్కపెట్టి ఇస్తూ ఇంకేదో అడిగాడు. దానికీ తల ఊపాను. తొందరగా బయటపడాలనిపించింది. వేరే పిల్లని చూపిస్తానన్నాడు. ఇంకో రోజు వస్తానన్నాను.

తలుపు దగ్గర వెనక్కి తిరిగాను. అది ఆవిడ భుజం మీంచి నా చెయ్యి వంకే చూస్తోంది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

18, బుధవారం

పంట్లాం చిల్లులు కుట్టుకున్నాను. పని త్వరగా సాగుతోంది.

19, గురువారం

ఈ రోజు ఒక్కసారి కూడా పిలవలేదు. కాస్త నయమైనట్టుంది.

20, శుక్రవారం

పడిపోయింది.

మధ్యాహ్నం. కుర్చీ వీపు అల్లుతున్నాను. ఇంటావిడ నన్ను దాటి లోపలికి పరిగెత్తింది. జడ విడిపోయి ఉంది, చేతికి సబ్బు నురగ. అది చూసి లేచాను. లోపల మా ఆవిడ మంచానికి గోడకి మధ్య ఉంది. పక్క తడిసి ఉంది. చెంప గోడకి గీసుకుపోయింది.

"కిందకి వినబడుతోంది బాబాయ్! అరుస్తోంది, అరుస్తోంది, నువ్వు పక్కనే ఉన్నావు కదా అని నేను బట్టలు ఉతుక్కుంటున్నాను. ఎంతసేపటికీ ఆగదేంటని వచ్చాను."

ఇద్దరం లేపాం. చీర మార్చి వెళ్ళింది. అమ్మాయికి ఫోను చేస్తానంది. వద్దనాలనుకున్నాను. అనలేదు.

పక్కన కూర్చున్నాను. మా ఆవిడ ఎడంచేత్తో నా పంట్లాం అంచు పట్టుకుంది. లాగింది. మళ్ళీ లాగింది. ఏంటన్నాను. చెయ్యెత్తి పిడికిలి మూసింది, తెరిచింది. మూసింది, తెరిచింది. మగ్గం ఆగింది. ఆ తర్వాత అరచెయ్యి నేలకి జానెడు ఎత్తులో పెట్టి చూపించింది. అంత ఎత్తుది. ఇల్లంతటికీ అంత ఎత్తుది ఒక్కటే ఉండేది.

కుట్టుకున్న చిల్లుల వంక చూశాను.

తొమ్మిదో తేదీన పదకొండు గంటలకి. పదకొండో తేదీన మూడుసార్లు. దిండు కింద బిస్కెట్లు. తను చెయ్యెత్తితే అది చూసేది. వచ్చి నన్ను లాగేది. నేను వచ్చి, విన్నాను అనేవాణ్ణి.

"ఎందుకు చెప్పలేదు?"

తన పెదవులే చూస్తున్నాను. మెల్లగా చెప్పింది. ప్రతి మాటా కనబడింది.

"విన్నానని సంతోషపడ్డావుగా."

ఇంకోటి కూడా చెప్పింది. "ఇచ్చేస్తానన్న రోజు చెబుదామనుకున్నా. నువ్వు ఆగలేదు."

ఒక్క రోజు కూడా నేను వినలేదు.

21, శనివారం

అమ్మాయి, అల్లుడు బండి తెచ్చారు. మంచం ఇక్కడే వదిలేశారు. అక్కడ ఒకటి ఉందట.

"పది రోజులు నాన్నా. తర్వాత చూద్దాం," అంది అమ్మాయి.

కుక్కపిల్ల సంగతి చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే నా చెవుల నుంచి మొదలుపెట్టాలి. అల్లుడు ఎదురుగా ఉన్నాడు. పాతికేళ్ళుగా అతను ఏం చెప్పినా తల ఊపుతూ వచ్చాను. మావయ్య నెమ్మదస్తుడు అంటుంటాడు.

బండి కిటికీలోంచి మా ఆవిడ చెయ్యెత్తలేదు. బిస్కెట్ల పొట్లం మంచం మీద వదిలేసి వెళ్ళింది.

పది రోజులంటే పది రోజులే కదా.

22, ఆదివారం

పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను.

కుక్కలాయన గేటు తెరవకుండానే అన్నాడు. "ఇంకేం లోపం పెద్దాయనా? మిగతా ఐదువందలు కావాలా?"

"ఆ పిల్ల కావాలి," అన్నాను.

ఏదో అన్నాడు. తల ఊపబోయాను. ఊపలేదు. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎన్నడూ అనని మాట. నోట్లోంచి రావడానికి టైము పట్టింది.

"నాకు చెవుడు. నా మొహం చూసి మాట్లాడు."

ఆయన కాస్త వెనక్కి జరిగాడు. తర్వాత పెద్ద అక్షరాలు రాస్తున్నట్టు ఒక్కో మాటా చెప్పాడు. "మొన్న నిన్ను అడిగాను. చెవిటిదాన్ని ఎవరూ కొనరు, మేత దండగ, డాక్టరు సోమవారం వస్తాడు, ప్రాణం పోయే మందు వేయించెయ్యనా అని. సరే అన్నావు."

సోమవారం అంటే రేపు.

"వినబడలేదు," అన్నాను. "వినకుండానే సరే అన్నాను."

ఆయన పెళ్ళాం అప్పటికే కుక్కపిల్లని ఎత్తుకొచ్చింది. ఐదు రోజులకే చిక్కిపోయింది. నన్ను చూసి ఒళ్ళంతా ఊపుకుంటూ దూకింది. ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ రోజే చెప్పానుగా పెద్దాయనా. ఊరికే లాగే కుక్క ఎటుపడితే అటు లాగుతుంది. ఇది ఎవరో పంపిస్తే వచ్చి లాగుతోంది, ఇంటికెళ్ళి చూసుకో అన్నాను. అలాగే అని తల ఊపావు. అయినా ఇచ్చేసి వెళ్ళావు. మనసు రాయి అనుకున్నాను."

ఎంతమందికి ఇలా తల ఊపానో.

డబ్బు పట్టుకుని చెయ్యి చాచాను. కుక్కలాయన తల గోక్కున్నాడు. "చెవుడని తెలిసి కొంటే సగమే. గుడ్డికన్నా మెల్ల నయం, మందు ఖర్చు తప్పింది నాకు. కాయితం మాత్రం ఈసారి రాసివ్వను."

"అక్కర్లేదు."

23, సోమవారం

మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. దుప్పటి వాసన చూసింది. కింద దూరి పడుకుంది. అరచెయ్యి దించాను. చూడలేదు.

24, మంగళవారం

బిస్కెట్టు తినలేదు. నేనిస్తే తినదు.

26, గురువారం

కుర్చీ తిప్పి, మంచం కనబడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. చీకటిగానే ఉంది. అయినా అల్లగలుగుతున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు చేసిన చెయ్యి, వెలుతురు లేకపోతే ఏమైంది? ఈ బుద్ధి నెల కిందట రాలేదు. నేను ఇటు తిరిగి కూర్చోకుండా కుక్కని కొన్నాను.

27, శుక్రవారం

ఇంటావిడని అడిగాను. మా ఆవిడ ఎలా ఉందట? నా ఎదురుగా నిలబడి చెప్పింది. సరిగ్గా తినడం లేదట. పిలిస్తే అందరూ వస్తారట. ఎవరినీ పిలవడం లేదట.

29, ఆదివారం

పొద్దున ఇంటావిడ తన ఫోను పట్టుకుని పైకి వచ్చింది. మనుషులు కనబడే ఫోను. "పిన్ని మాట్లాడుతుంది బాబాయ్, చూడు," అని నా మొహం ముందు పెట్టింది.

మొదట అమ్మాయి మొహం. తర్వాత గోడ, పరదా. తర్వాత మా ఆవిడ. దిండుకి ఆనించి కూర్చోబెట్టారు. చెంప మీద గాయం మానుతోంది. ఎవరో తల బాగా దువ్వారు. కుక్కపిల్ల నా ఒళ్ళో ఉంది.

గడ్డం మీద రెండు వేళ్ళు పెట్టాను. నీళ్ళు తాగుతున్నావా? సగం మొహం నవ్వింది. ఫోనులో ఎంత చిన్నగా ఉందో మనిషి.

అప్పుడు తను ఎడంచెయ్యి ఎత్తింది. పిడికిలి మూసింది, తెరిచింది. మూసింది, తెరిచింది.

నా ఒళ్ళోంచి కుక్కపిల్ల ఒక్క దూకు దూకింది. పంట్లాం అంచు పళ్ళతో పట్టుకుంది. వారం రోజులుగా తలెత్తని పిల్ల. నేను ఎదురుగానే ఫోను చూస్తూ కూర్చుంటే, నాకు తెలియదనుకుని, కాళ్ళు తన్నిపట్టి లాగుతోంది. కుట్టు తెగింది. లేచాను. లాక్కుంటూ లోపలికి తీసుకెళ్ళింది. ఖాళీ మంచం దగ్గర నిలబెట్టి, మంచం వంక చూసింది, నా వంక చూసింది. తీసుకొచ్చాను కదా అన్నట్టు.

ఇంటావిడ ఫోను పట్టుకుని మా వెనకే వచ్చింది. అక్కడ వాళ్ళు అంతా చూశారు. మా ఆవిడ చెయ్యి ఇంకా పైనే ఉంది. అమ్మాయి మొహం ఫోను నిండా వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ ఏదో అడిగింది. చెయ్యి అడ్డం ఉండి పెదవులు కనబడలేదు. జవాబు కోసం చూస్తోంది.

తల ఊపలేదు.

"నాకు వినబడలేదమ్మా," అన్నాను. "చాలా ఏళ్ళ నుంచి వినబడటం లేదు. చెయ్యి తీసి మళ్ళీ చెప్పు."